మొలలే అనుకుని వదిలేస్తున్న రక్తం

పెద్దపేగు క్యాన్సర్ ముసలితనపు జబ్బు అన్న మాట ఇక చెల్లదు. 2020 ఆగస్టులో నటుడు చాడ్విక్ బోస్‌మన్ ఈ జబ్బుతో చనిపోయేనాటికి ఆయన వయసు 43. జబ్బు బయటపడింది 2016లో, అప్పటికే మూడో దశ. ఆయన మరణానికి రెండేళ్ళ ముందే అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ముందస్తు పరీక్షల వయసును 50 నుంచి 45కు తగ్గించమని చెప్పింది. 2021 మేలో అక్కడి ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ కూడా అదే మాట ఖరారు చేసింది.

ఆ 45 అనే అంకె సముద్రం దాటి మన నగరాలకూ వచ్చింది. పత్రికల ఆరోగ్య పేజీల్లో, ప్రైవేటు ఆసుపత్రుల చెకప్ ప్యాకేజీల ప్రచారంలో 'నలభై ఐదు దాటాయా, కొలనోస్కోపీ చేయించుకోండి' అన్న సలహా వినిపిస్తోంది. కోల్‌కతాలో ఈస్టర్న్ మెట్రోపాలిటన్ బైపాస్ పొడవునా కార్పొరేట్ ఆసుపత్రులు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ రోడ్డుకు దగ్గర్లోనే తంగ్రా, తోప్సియా, తిల్జలా బస్తీలున్నాయి. సలహా ఒక్కటే. అది ఆ రోడ్డుకు రెండు పక్కలా ఒకే అర్థంతో చేరుతుందా అన్నదే మా ప్రశ్న.

మా వైఖరి ముందే చెబుతాం. భారతదేశంలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి యువకుడికీ, యువతికీ కొలనోస్కోపీ చేయాలన్న వాదనకు ఆధారం లేదు. 'చిన్న వయసు కదా, క్యాన్సర్ ఎందుకొస్తుంది' అని లక్షణాలున్న వారిని వెనక్కి పంపడం అంతకంటే పెద్ద తప్పు. మలంలో రక్తం పడుతున్న ఇరవై ఎనిమిదేళ్ళ సఫాయి కార్మికురాలికి కొన్ని వారాల్లో పరీక్ష జరగాలి. అది ఆమె హక్కు. ఈ దేశంలో జరగనిది సరిగ్గా అదే.

రేటు తక్కువ, మరణం ఎక్కువ

పెద్దపేగు, దాని చివరి భాగమైన పురీషనాళం లోపలి పొర మీద చిన్న బుడిపెలు లేస్తాయి. వాటిని పాలిప్‌లు అంటారు. చాలావరకు హాని చేయవు. కొన్ని మాత్రం మెల్లగా పెరిగి, సుమారు పదేళ్ళ కాలంలో క్యాన్సర్‌గా మారతాయి. కొలనోస్కోపీ అంటే కెమెరా ఉన్న సన్నటి మెత్తని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పేగు మొత్తాన్ని చూడటం. బుడిపె కనిపిస్తే అదే గొట్టంలోంచి తీగ ఉచ్చు వేసి తీసేయవచ్చు. అంటే ఇది జబ్బును కనిపెట్టే పరీక్షే కాదు, జబ్బు రాకుండా ఆపే చికిత్స కూడా. వైద్యంలో ఇలాంటి అవకాశం అరుదు.

గ్లోబోకాన్ 2022 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఆ ఏడాది 19 లక్షల మందికి పైగా ఈ క్యాన్సర్ సోకింది, సుమారు 9 లక్షల మంది చనిపోయారు. మన దేశంలో కొత్త కేసులు 70 వేలకు, మరణాలు 40 వేలకు అటూ ఇటూగా ఉన్నాయి. యువతలో పెరుగుదల నిజమే. అమెరికాలో 1990 ప్రాంతంలో పుట్టిన వారికి, 1950 ప్రాంతంలో పుట్టిన వారు అదే వయసులో ఉన్నప్పటితో పోలిస్తే, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, పురీషనాళ క్యాన్సర్ ముప్పు నాలుగింతలు ఉందని 2017లో అక్కడి పరిశోధకులు లెక్క తేల్చారు. 2024 చివర్లో లాన్సెట్ ఆంకాలజీ 50 దేశాల సమాచారాన్ని పరిశీలించి, 27 దేశాల్లో యాభై లోపు వారిలో ఈ జబ్బు పెరుగుతోందని ప్రకటించింది.

అదే అధ్యయనంలో మన గురించి ఉన్న మాట కూడా చదవాలి. 25 నుంచి 49 ఏళ్ళ వారిలో కొత్త కేసుల రేటు అమెరికాలో లక్షకు 14.8 ఉంటే, భారతదేశంలో 3.5. పోల్చిన దేశాల్లో అట్టడుగున ఉన్నది మనమే. మరి ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రికి వచ్చిన పెద్దపేగు క్యాన్సర్ రోగుల సగటు వయసు 47 దగ్గర ఉండటం ఏమిటి? దాన్ని చూపించి 'భారతీయులకు ఈ జబ్బు తొందరగా వస్తోంది' అనేవారున్నారు. ఆ తీర్పు తొందరపాటు. మన జనాభాయే చిన్న వయసుది. పైగా ఊరు దాటి ముంబై దాకా ప్రయాణం చేయగలిగేది వయసులో ఉన్నవారే. ముసలివాళ్ళు ఇంట్లోనే చనిపోతారు, ఏ రిజిస్టర్‌లోనూ పడకుండా.

రేటు తక్కువని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. 2010–14 మధ్య పెద్దపేగు క్యాన్సర్ నిర్ధారణ అయిన వారిలో ఐదేళ్ళు బతికినవారు అమెరికాలో దాదాపు 65 శాతం. మన దగ్గర 40 శాతం లోపే. జబ్బు తక్కువ మందికి వస్తోంది, వచ్చినవాళ్ళు ఎక్కువగా చస్తున్నారు. పేగులో తేడా ఉందని ఎవరూ నిరూపించలేదు. తేడా అంతా జబ్బు ఏ దశలో బయటపడుతోంది, ఆ తర్వాత ఏం దొరుకుతోంది అన్నదాంట్లో ఉంది.

అరువు తెచ్చుకున్న అంకె

యూరప్‌లో నార్డిక్ అని పిలిచే పెద్ద ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో ఆరోగ్యవంతులను కొలనోస్కోపీకి పిలిచి పదేళ్ళు గమనించారు. పిలుపు అందుకున్న వర్గంలో క్యాన్సర్ ముప్పు 18 శాతం తగ్గింది. నూటికి 1.2 మందికి రావాల్సింది 0.98 మందికి వచ్చింది. పిలుపు అందినవారిలో పరీక్షకు వచ్చింది 42 శాతమే. ఇది సంపన్న దేశాల్లో, 55 దాటిన వారిలో, జబ్బు రేటు ఎక్కువున్నచోట వచ్చిన ఫలితం. రేటు అనేక రెట్లు తక్కువున్న మన యువతలో ఇదే పని చేస్తే, ఒక్క క్యాన్సర్‌ను ఆపడానికి వేలమందికి గొట్టం వేయాలి. పేగుకు రంధ్రం పడటం, రక్తస్రావం వంటి ప్రమాదాలు అరుదే అయినా సున్నా కావు.

అసలు చిక్కు ఇంకోటి. కొలనోస్కోపీ చేయగలిగే డాక్టర్లు, యంత్రాలు, ఆ యంత్రాలను శుభ్రపరిచే సిబ్బంది పరిమితం. ఆ పరిమిత సమయాన్ని డబ్బున్న ఆరోగ్యవంతులు ప్యాకేజీల పేరుతో కొనుక్కుంటే, లక్షణాలున్న పేదలు వరుసలో వెనక్కి జరుగుతారు. నిపుణుడు పగలు ప్రభుత్వ విభాగం నుంచి సాయంత్రం ప్రైవేటు గదికి, ఆ తర్వాత పూర్తిగా ప్రైవేటు గదికే వెళ్ళిపోతాడు. ముందస్తు పరీక్ష అనే మంచి మాట వెనక జరిగేది ఇదే. కులం ఉన్న సమాజంలో ప్రతి కొత్త సౌకర్యం ఇలాగే, ఉన్న నిచ్చెన మెట్ల మీదుగానే దిగుతుంది. బాబాసాహెబ్ దీన్నే అంతరాల అసమానత అన్నారు.

మన జాతీయ కార్యక్రమం సంగతి చూద్దాం. అసాంక్రమిక వ్యాధుల నివారణ కార్యక్రమం కింద ముప్పై దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేయాలి. పెద్దపేగు ఆ జాబితాలోనే లేదు. జాబితాలో ఉన్న వాటి గతి ఏమిటి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ళ మహిళల్లో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం. చూసి చెప్పే తేలిక పరీక్షలకే ఇదీ స్థితి. ఈ దేశంలో కొలనోస్కోపీతో సామూహిక స్క్రీనింగ్ గురించి మాట్లాడటం పునాది లేకుండా పై అంతస్తు కట్టడమే.

మొలల బోర్డు కింద ఆగిపోయే రోగి

2023లో వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు యాభై లోపు వయసులో ఈ క్యాన్సర్ వచ్చినవారి రికార్డులు పరిశీలించారు. జబ్బు తేలడానికి మూడు నెలల నుంచి రెండేళ్ళ ముందే నాలుగు సంకేతాలు కనిపించాయి. కడుపునొప్పి, మలద్వారం నుంచి రక్తం, తగ్గని విరేచనాలు, ఐరన్ లోపంతో రక్తహీనత. ఈ నాలుగింటిలో ప్రతి ఒక్కటీ మన సమాజంలో మామూలు సంగతిగా చెలామణీ అయ్యేదే. ప్రమాదం అక్కడే ఉంది.

రక్తం పడితే మొలలు. ఇది జనం నోట స్థిరపడిన నిర్ధారణ. నిజంగానే చాలామందికి అది మొలలే అవుతుంది కూడా. కానీ మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదని లేదు. తెలుగు రాష్ట్రాల ఏ చిన్న పట్నం బస్టాండు దగ్గరైనా 'మొలలు, ఫిస్టులా, ఫిషర్: ఆపరేషన్ లేకుండా నయం' అన్న బోర్డు కనిపిస్తుంది. 'కలకత్తా డాక్టర్' అని రాసుకునే ఆ బోర్డుల మీద బిస్వాస్, మండల్, సర్కార్ వంటి ఇంటిపేర్లుంటాయి. కలకత్తా పేరు మన ఊళ్ళో మూలవ్యాధి వైద్యానికి గుర్తుగా మారితే, బెంగాల్ రోగులేమో రోగ నిర్ధారణ కోసం హౌరా, శాలిమార్ స్టేషన్లలో రైలెక్కి విశాఖ, విజయవాడల మీదుగా వెల్లూరు పోతున్నారు. డిగ్రీ లేని వైద్యుడు ఒక దిక్కుకు, వైద్యం దొరకని రోగి ఇంకో దిక్కుకు. ఒకే రైలు మార్గం మీద ఈ రెండు ప్రయాణాలూ ప్రజారోగ్య వ్యవస్థ లేమికి రెండు ముఖాలు.

డిగ్రీ లేనివారిని తిట్టి ఊరుకోవడం తేలిక. అది సరిపోదు. బీర్‌భూమ్ జిల్లాలో లివర్ ఫౌండేషన్ ఇలాంటి 304 మంది వైద్యులను తీసుకుని, అందులో సగం మందికి తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చింది. 2016లో సైన్స్ పత్రికలో అభిజిత్ చౌధురి, జిష్ణు దాస్, రేష్మాన్ హుస్సామ్, అభిజిత్ బెనర్జీ ప్రచురించిన ఫలితాల్లో, శిక్షణ పొందినవారు రోగులను సరిగా చూడటంలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించింది. అనవసర మందులు రాసే అలవాటు మాత్రం తగ్గలేదు. 'రక్తం పడుతూ బరువు తగ్గుతున్న మనిషికి లేపనం ఇవ్వొద్దు, పెద్దాసుపత్రికి పంపు' అన్న ఒక్క పాఠం ఈ వైద్యులందరికీ చేరినా ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

నాలుగో సంకేతం, రక్తహీనత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అదే కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో పశ్చిమ బెంగాల్‌లో 15–49 ఏళ్ళ మహిళల్లో 71.4 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశ సగటు 57 శాతం. నూటికి డెబ్బై మందికి ఉన్న లక్షణం ఇక లక్షణంగా కనిపించదు. ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ రక్తం ఎక్కడికి పోతోందని అడిగే తీరిక ఎవరికీ లేదు. పేదరికం సృష్టించిన రక్తహీనత, క్యాన్సర్ చేసే హెచ్చరికను కప్పేస్తోంది. పాఠ్యపుస్తకంలో 'ప్రమాద సంకేతం' అని రాసిన వాక్యం దళిత, ఆదివాసీ, ముస్లిం మహిళ శరీరం దగ్గరికి వచ్చేసరికి పనిచేయకపోవడానికి కారణం ఇదే.

మరుగుదొడ్డి లేనివాడికి కొలనోస్కోపీ

ఈ పరీక్షకు ముందురోజు పేగు పూర్తిగా ఖాళీ కావాలి. రెండు లీటర్ల వరకు మందు కలిపిన నీళ్ళు తాగాలి. రాత్రంతా పదేపదే విరేచనాలవుతాయి. మత్తు ఇస్తే మర్నాడు వెంట ఒక మనిషి ఉండాలి, ఆరోజు పనికి పోకూడదు. ఈ సూచనలు రాసినవారి ఊహలో రోగికి సొంత స్నానాల గది, ఆగని నీళ్ళు, తలుపుకు గడియ, సెలవిచ్చే ఉద్యోగం ఉన్నాయి.

2011 జనగణన ప్రకారం కోల్‌కతా కార్పొరేషన్ పరిధిలోని 45 లక్షల జనాభాలో 14 లక్షలకు పైగా, అంటే 31 శాతం మంది మురికివాడల్లో ఉన్నారు. అనేక కుటుంబాలకు కలిపి ఒకే దొడ్డి ఉన్న బస్తీలో ఒక మహిళ రాత్రి పదిహేను సార్లు బయటికి ఎలా వెళ్తుంది? ఇద్దరి కూలీ రెండు రోజులు పోతే ఆ వారం ఇల్లెలా నడుస్తుంది? పరీక్ష ఉచితమని ప్రకటించినంత మాత్రాన అది అందుబాటులోకి రాదు. ఆసుపత్రిలోనే ఒక రాత్రి ఉంచి పేగు శుభ్రం చేయించే పడకలుండాలి. ఇది వైద్య సమస్య అయినంతగా మరుగుదొడ్డి సమస్య కూడా. ఈ దేశంలో మరుగుదొడ్డి ప్రశ్న ఏనాడూ కులం ప్రశ్న నుంచి విడిగా లేదు.

మలం అనే మాటకే మొహం తిప్పుకునే సంస్కృతి ఇది. దాన్ని ఎత్తే పని కొన్ని కులాలకు అప్పజెప్పి, ఆ కులాలనే అంటరానివాళ్ళను చేసింది. 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కోల్‌కతా, హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషుల చేత మురుగుకాల్వలు శుభ్రం చేయించడాన్ని నిషేధించింది. నాలుగు రోజులు తిరగకుండానే, ఫిబ్రవరి 2న, కోల్‌కతా శివారు బాంతలా లెదర్ కాంప్లెక్స్‌లోని మ్యాన్‌హోల్‌లో ముగ్గురు కార్మికులు చనిపోయారు. పక్కవాడి మలంలో మనిషిని దింపడానికి సిగ్గుపడని సమాజం, తన మలంలో రక్తం ఉందని డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడుతోంది. ఈ సిగ్గు మన పిల్లలకూ అంటింది. హాస్టల్ గదిలో నెలల తరబడి రక్తాన్ని దాచుకునే విద్యార్థికి మేం చెప్పేది ఒక్కటే. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు.

ఈ జబ్బుకు అన్నిటికంటే చవకైన పరీక్ష గ్లవ్ తొడుక్కున్న వేలు. మన దేశంలో ఈ క్యాన్సర్లలో పెద్ద వాటా పురీషనాళంలోనే ఉంటోంది. వాటిలో చాలావాటిని డాక్టరు వేలితో తడిమి కనిపెట్టవచ్చు. కావాల్సింది తెర, బల్ల, గ్లవ్, ఐదు నిమిషాలు, ముట్టుకునే మనసు. రద్దీ ఓపీలో మొదటి నాలుగూ దొరకవు. చివరిది దొరకకపోవడానికి రద్దీ ఒక్కటే కారణమా అని వైద్య విద్యార్థులు తమను తాము ప్రశ్నించుకోవాలి.

వరుసలో ఎవరు, గొట్టం ఎవరి చేతిలో

కోల్‌కతాకు ఆసుపత్రుల లోటు లేదు. ఎస్‌ఎస్‌కేఎమ్‌లో జీర్ణకోశ, కాలేయ వ్యాధులకు ప్రత్యేక విభాగం ఉంది. 1950లో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించిన చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రి నేడు జాతీయ సంస్థ. 530 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో 460 పడకల దాని రెండో ప్రాంగణం 2022 జనవరి 7న న్యూటౌన్‌లో మొదలైంది. స్వాస్థ్య సాథీ కార్డు కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు భరోసా ఇస్తుంది. మన ఆరోగ్యశ్రీ లాగే ఇదీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్స కోసం. చేరకముందు, జబ్బు ఏమిటో తెలియక తిరిగే ఆర్నెల్ల కాలానికి బీమా లేదు. క్యాన్సర్ ముదిరేది ఆ ఆర్నెల్లలోనే. ఆపరేషన్‌కు లక్షలిచ్చే ప్రభుత్వం, ఆపరేషన్ అవసరం రాకుండా చేసే పరీక్షకు మాత్రం వరుసలో నిలబెడుతోంది.

వైద్యహక్కు చరిత్రలో ఈ నగరానికి ఒక స్థానం ఉంది. 1992 జూలైలో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ మథురాపూర్ స్టేషన్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కలకత్తాలోని ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17 వేలు ఖర్చు పెట్టుకున్నాడు. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి వేసిన కేసులో 1996 మే 6న సుప్రీంకోర్టు, సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణ ఉల్లంఘనే అని తేల్చి 25 వేల పరిహారం ఇప్పించింది. డబ్బుల్లేవన్న సాకు చెల్లదంది. తలకు దెబ్బ తగిలినవాడికి గంటలు ఎంతో, పేగులో గడ్డ పెరుగుతున్నవాడికి వారాలు అంతే. సకాలం అన్న మాటను క్యాన్సర్ నిర్ధారణకూ విస్తరింపజేయాలని అడగడానికి ఆ తీర్పే మనకు ఆధారం. 2024 ఆగస్టులో ఆర్‌జీ కర్ దారుణం తర్వాత రోడ్డెక్కిన జూనియర్ డాక్టర్ల డిమాండ్లలో కేంద్రీకృత రిఫరల్ వ్యవస్థ, ఖాళీ పడకల వివరాల ప్రదర్శన ఉన్నాయన్నది మరవకూడదు. హకీం షేక్ పడ్డ బాధ ముప్పై ఏళ్ళ తర్వాతా తీరలేదని దాని అర్థం.

ఆసుపత్రి లోపలి కులం కూడా చూడాలి. జీర్ణకోశ నిపుణుడు కావాలంటే డీఎం చదవాలి. ఆ సూపర్ స్పెషాలిటీ సీట్లకు జరిగే నీట్ ఎస్‌ఎస్‌లో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ లేదు. 1999లో ప్రీతి శ్రీవాస్తవ కేసు తీర్పు ఆ తలుపును గట్టిగా మూసింది. నిచ్చెన అడుగు మెట్టు సంగతి వేరు. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో బైద్య కులస్థుడైన మధుసూదన్ గుప్తా శవాన్ని కోయడాన్ని విప్లవంగా చెప్పుకుంటాం. అదే నగరపు మార్చురీల్లో శవాన్ని మోసే ఉద్యోగాన్ని నేటికీ 'డోమ్' అని కులం పేరుతోనే పిలుస్తారు. 2021లో ఎన్‌ఆర్‌ఎస్ మెడికల్ కాలేజీలో అలాంటి ఆరు పోస్టులకు సుమారు 8 వేల దరఖాస్తులు వచ్చాయి, ఇంజనీర్ల నుంచి కూడా. పై మెట్టులో ప్రతిభ పేరుతో కులం కనిపించదు. కింది మెట్టులో కులమే ఉద్యోగం పేరు.

లెక్కలో లేని మరణాలు

అమెరికాలో నల్లవారికి పెద్దపేగు క్యాన్సర్ సుమారు 20 శాతం ఎక్కువగా వస్తుందని, వారిలో మరణాలు సుమారు 40 శాతం ఎక్కువని అందరికీ తెలుసు. తెలియడానికి కారణం అక్కడి రిజిస్ట్రీలు జాతిని నమోదు చేయడం. బోస్‌మన్ మరణం ఒక చర్చగా మారిందంటే, వెనక ఆ అంకెలున్నాయి కాబట్టే. మన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1980ల తొలినాళ్ళ నుంచి నడుస్తోంది, కోల్‌కతా కూడా అందులో ఉంది. ఆ నివేదికల్లో వయసు, లింగం, అవయవం, జిల్లా ఉంటాయి. కులవారీ పట్టికలు ఉండవు. బెంగాల్ జనాభాలో 23.5 శాతం ఎస్సీలు. నామశూద్ర, రాజబంశీ, బాగ్దీ, పౌండ్ర, బావురీల్లో ఎందరికి ఈ జబ్బు ఏ దశలో బయటపడుతోందో చెప్పే ఒక్క పట్టిక లేదు.

వేరే లెక్కలు మాత్రం దారి చూపుతున్నాయి. తొమ్మిది రాష్ట్రాల సమాచారంతో 2022లో వచ్చిన అధ్యయనంలో, అగ్రకుల హిందువులతో పోలిస్తే దళితుల ఆయుర్దాయం మూడేళ్ళకు పైగా, ఆదివాసీలది నాలుగేళ్ళకు పైగా తక్కువని తేలింది. సంపద తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఆ అంతరం పూర్తిగా పోలేదు.

'మీ కుటుంబంలో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చిందా' అని డాక్టరు అడుగుతారు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో వచ్చి ఉంటే నలభై ఏళ్ళకే, లేదా వారికి జబ్బు తేలిన వయసుకు పదేళ్ళ ముందే పరీక్ష మొదలుపెట్టాలన్నది అంగీకృత నియమం. లించ్ సిండ్రోమ్ వంటి వంశపారంపర్య సమస్యలుంటే ఇంకా ముందే. కానీ కుటుంబ చరిత్ర అనేది కూడా ఒక ఆస్తే. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. 'మా తాత కడుపునొప్పితో పోయాడు' అన్న ఒక్క వాక్యమే మన ఇళ్ళలో మిగిలే వైద్య చరిత్ర. నియమం సరైనదే, అది అమలు కావడానికి కావలసిన కాగితం మాత్రం తరతరాలుగా మనకు దక్కలేదు.

తిండి విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సాసేజ్, బేకన్ వంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకంగా, ఎర్ర మాంసాన్ని బహుశా కారకంగా వర్గీకరించింది. ఇది సైన్స్, దీన్ని కాదనక్కర్లేదు. అయితే 2012 ఉస్మానియా బీఫ్ ఫెస్టివల్ మీద దాడి చేసినవాళ్ళ వారసులు ఈ వాక్యాన్ని దళితుల, ముస్లింల పళ్ళెం మీద నిందగా మార్చే ప్రమాదం ఉంది. పొగాకు, మద్యం, ఊబకాయం, కదలిక లేని జీవితం, పీచు లేని తిండి కూడా ఇదే జాబితాలో ఉన్నాయి. ఆ వర్గీకరణ ఏ ఇంటి పళ్ళెం మీదా తీర్పు కాదు.

మేం అడిగేది

మొదటిది, లక్షణాలున్నవారికి గడువు. మలద్వారం నుంచి రక్తం, కారణం తెలియని రక్తహీనత, మూడు నాలుగు వారాలకు మించి మలవిసర్జన తీరులో మార్పు, బరువు తగ్గడం ఉన్న ఎవరికైనా, వయసుతో నిమిత్తం లేకుండా, ప్రభుత్వాసుపత్రిలో నిర్ణీత వారాల్లో పరీక్ష పూర్తి చేయాలి. ఎంతమంది ఎన్ని రోజులు వేచి ఉన్నారో ప్రతి ఆసుపత్రీ నెలనెలా ప్రకటించాలి.

రెండోది, ఫిట్ పరీక్ష. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని పట్టే ఈ పరీక్షకు పథ్యం అక్కర్లేదు, ఇంట్లోనే నమూనా తీసుకోవచ్చు. లక్షణాలున్నవారిలో ఎవరికి తొందరగా గొట్టం వేయాలో తేల్చడానికి బ్రిటన్‌లో 2023 నుంచి నైస్ దీన్నే సిఫారసు చేస్తోంది. బస్తీ ఆరోగ్య కేంద్రాల్లో దీన్ని ఉచితంగా ఉంచాలి. కొలనోస్కోపీల వరుస దానివల్లే తగ్గుతుంది. ఫిట్‌లో రక్తం తేలిన తర్వాత కొలనోస్కోపీ హామీ లేకపోతే మాత్రం అది కూడా చీటీ చేతిలో పెట్టి పంపడమే అవుతుంది.

మూడోది, బీమా పథకాల్లో నిర్ధారణ పరీక్షలకు చోటు, పరీక్షకు వచ్చే రోజుకూలీలకు, వెంట వచ్చేవారికి కూలీ పరిహారం, పేగు శుభ్రపరచుకోవడానికి ఆసుపత్రిలోనే పడక. వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా అంబేడ్కర్ ఉన్న కాలంలోనే, 1944లో, అదార్కర్ నివేదిక వచ్చింది, అదే 1948 ఈఎస్ఐ చట్టానికి దారి వేసింది. జబ్బు పడ్డ రోజుకు కూలీ ఇవ్వడం ఆ చట్టం గుర్తించిన సూత్రం. అసంఘటిత కార్మికుడికి అది ఇంకా చేరలేదు.

నాలుగోది, క్యాన్సర్ రిజిస్ట్రీల్లో కులం. 2027 జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ఒప్పుకుంది. తెలంగాణ తన సర్వే ఇప్పటికే చేసింది. తల లెక్కించి జబ్బు లెక్కించకపోతే సగం పనే అవుతుంది. రోగి గోప్యత కాపాడుతూ, జబ్బు ఏ దశలో తేలింది, ఎంతకాలం బతికారు అన్న వివరాలు కులవారీగా ప్రచురించాలి.

ఐదోది, భాష. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో, టిటాగఢ్ జూట్ మిల్లుల లైన్లలో తరతరాలుగా ఉన్న తెలుగు శ్రామికులకు ఆ హోదా ఆసుపత్రి కిటికీ దగ్గర కనిపించాలి. తెలుగు, సంతాలీ, ఉర్దూ, హిందీల్లో ఈ నాలుగు లక్షణాలు రాసిన పోస్టర్‌కు పెద్ద ఖర్చేమీ కాదు.

1946లో బొంబాయిలో దారులు మూసుకుపోయినప్పుడు, జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరుల బలంతో బాబాసాహెబ్‌ను రాజ్యాంగ సభకు పంపింది బెంగాల్. ఆయన రాసిన 21వ అధికరణకు వైద్యం అనే అర్థాన్ని కోర్టులో సాధించింది ఇదే బెంగాల్ కూలీల సంఘం. ఈ వారసత్వాన్ని ముందుకు తీసుకెళ్ళాల్సింది విశ్వవిద్యాలయాల్లోని మనమే. పరిశోధక విద్యార్థులు ఎండోస్కోపీ వరుసలపై సమాచార హక్కు దరఖాస్తులు వేయవచ్చు. వైద్య విద్యార్థులు తమ ఓపీలో వేలి పరీక్ష ఎందరికి జరుగుతోందో లెక్కపెట్టవచ్చు. మిగిలినవారు ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు అమ్మను, నాన్నను, అన్నను, అక్కను ఒక మాట అడగండి. రక్తం పడుతోందా అని. అవునంటే బస్టాండు బోర్డు దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి మీరే వెంట తీసుకెళ్ళండి. అక్కడ తిప్పి పంపితే ఎందుకు పంపుతున్నారో కాగితం మీద రాసివ్వమని అడగండి.